సర్కారు సొమ్ము, సంఘం సంచి

(హనుమకొండలో పాస్టర్లు, సంఘపెద్దలు కూర్చున్న ఒక సమావేశంలో ట్రెజరీ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేసినం. మైక్ పోయిన చోట్ల కొంచెం వదిలేసినం.)

వందనాలు అందరికి. వెనకాల కూసున్నోళ్లకు వినపడ్తుందా? ఆ ఫ్యాన్ జర తగ్గించున్రి... ఆఁ, చాలు.

నాకిచ్చిన టాపిక్ ఏందంటే చర్చిలు సర్కారు ఇచ్చే లాభాలు తీస్కోవచ్చా, టాక్స్ మినహాయింపు పెట్టుకోవచ్చా అని. బ్రదర్ ఫోన్ చేసినప్పుడే అన్న, ఇవి రెండు వేరే వేరే సంగతులు, మీరు రెండిటికి ఒకటే ముడి వేసిన్రు, మనోళ్ల గందరగోళమంత ఆ ముడిలనే ఉంది అని. నా మాట ముందే చెప్పేస్త, తర్వాత ఎంతసేపన్న లొల్లి పెట్టుకుందాం. చట్టంల అన్ని మతాలకు సమానంగ రాసి ఉన్న మినహాయింపు ఉంటే తీస్కోండి, తీస్కున్నందుకు మీ లెక్కలు సంఘం ముందల తెరిచి పెట్టండి. అదే ఒక మనిషి చేతుల్నుంచి వచ్చే సొమ్ము, ఎమ్మెల్యే గారి చేతుల మీదుగ, ఫోటో ఉన్న కవర్ల, పాస్టర్‌కు నెలనెలా ఇంత అని వచ్చే సొమ్ము, అది వద్దు. ఇగ లెక్క చూపించలేని సంఘమైతే మినహాయింపు కూడా అడగొద్దు, అందరిలెక్క పన్ను కట్టి గమ్మునుండాలె. ఈ మూడో మాట మీకు నచ్చదని నాకు తెల్సు. (నవ్వులు)

నేను పాస్టర్‌ని గాదు, వాక్యం చెప్పేటోణ్ణి గాదు. బిల్లులు పాస్ చేసి బతికినోణ్ణి, తర్వాత మా సంఘంల చాన్నాళ్లు ట్రెజరర్‌గ చేసిన. కాబట్టి వాక్యం తప్పుగ చెప్తే అయ్యగార్లు దిద్దున్రి, సెక్షన్ తప్పు చెప్తే ఇక్కడ కూసున్న ఆడిటర్ గారు దిద్దుతరు.

ముందుగాల అమెరికా ముచ్చట తీసి పక్కన పెడ్త. ఎందుకంటే యూత్ పిల్లలు యూట్యూబ్ చూసి వచ్చి అడుగుతున్నరు, అంకుల్ 501సి3, అంటే అమెరికాల పన్ను మినహాయింపు, తీస్కున్న చర్చి అంటే కైసరు చర్చి, అంటే సర్కారు చర్చి అంటగదా, నోరు అమ్ముకున్నట్టేనంటగదా అని. అది అక్కడి లొల్లి బిడ్డా. 1954లో టెక్సాస్ సెనేటర్ లిండన్ జాన్సన్, తర్వాత ప్రెసిడెంట్ అయిండు గదా ఆయననే, ఒక సవరణ తెచ్చిండు, పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు ఎలక్షన్ల ఎవరికీ ఓటెయ్యమని గానీ వెయ్యొద్దని గానీ చెప్పొద్దు అని. చర్చిలు కూడా అండ్ల పడ్డయి. అందుకే అక్కడ కొందరు పాస్టర్లు మాకు మినహాయింపు వద్దు, మా పల్పిట్, అంటే ప్రసంగం చేసే వేదిక, మాకు కావాలె అంటరు. అక్కడనే 1970లో వాల్జ్ కేసుల వాళ్ల సుప్రీంకోర్టు ఇంకో మాట అన్నది, గుడి ఆస్తికి పన్ను వెయ్యకపోవుడు అంటే మతాన్ని పోషించుడు గాదు, పన్ను వేస్తేనే సర్కారు చర్చిలకొచ్చి ఎక్కువ చెయ్యి పెట్టవల్సి వస్తది అని. నాకు ఆ మాటల న్యాయం కనిపిస్తది. పన్ను వెయ్యాలంటే లెక్క కట్టాలె, గుడి విలువ కట్టాలె, కట్టకపోతే జప్తు చెయ్యాలె, ఇదంత సర్కారు గుడిలకు వచ్చుడే గదా.

మన దేశంల సంగతి వేరు. ఇక్కడ మినహాయింపు తీస్కున్నా తీస్కోకున్నా 1988ల వచ్చిన మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం ఒకటుంది, గుడి అయినా మసీదు అయినా చర్చి అయినా గురుద్వారా అయినా ఆ జాగను రాజకీయ కార్యక్రమానికి వాడితే నేరం, జైలు కూడా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరు మీద ఓటడిగితే ఎన్నికే కొట్టేస్తరు. అంటే ఏంది, మన దగ్గర పల్పిట్‌కు ఉన్న కట్టడి పన్ను మినహాయింపుతోని వచ్చింది గాదు, అది వదులుకున్నంత మాత్రాన పోయేది గూడ గాదు. అందుకే అమెరికా వీడియో తెచ్చి హనుమకొండ చర్చికి అతికించకున్రి. అయినా నిజం మాట్లాడుకుంటే ఎలక్షన్ల ముందు ఏ పార్టీ క్యాండిడేట్ ఏ చర్చిల స్టేజీ ఎక్కిండో ఈ హాల్ల ఉన్నోళ్లందరికి ఎరుకే. (నవ్వులు) చట్టం ఉంది, ఎక్కిచ్చినోళ్లు మనమే.

ఇప్పుడు వాక్యం కాడికి వస్త. మనోళ్లు పన్ను ముచ్చట రాంగనే మత్తయి 22 తీస్తరు, కైసరువి కైసరుకు అని. నేను మత్తయి 17 చదవమంట. కపెర్నహూముల పన్ను వసూలు చేసేటోళ్లు పేతురును అడిగిన్రు, మీ బోధకుడు కట్టడా అని. అది రోమా పన్ను గాదు, దేవాలయపు పన్ను, చాలామంది రెండూ కలిపేస్తరు. ప్రభువు ఏమన్నడు, రాజులు పన్ను కొడుకుల దగ్గర తీస్కుంటరా బయటోళ్ల దగ్గరా, కొడుకులు కట్టనక్కర్లేదు గదా అన్నడు. అని చెప్పి, వాళ్లకు అభ్యంతరం కాకుండ ఉండాలని చేప నోట్ల నుంచి నాణెం తీయించి ఇద్దరిది కట్టించిండు. నాకు మినహాయింపు ఉంది అన్నడు, అని కట్టిండు. ఇది మనకు బలే ఇబ్బంది పెట్టే భాగం, అందుకే దీని మీద ప్రసంగాలు తక్కువ.

ఇంకొకటి ఎజ్రా. ఎజ్రా 7వ అధ్యాయం 24వ వచనం చూడున్రి, పర్షియా రాజు అర్తహషస్త ఉత్తరం రాసిండు, యాజకులు, లేవీయులు, గాయకులు, ద్వారపాలకులు, దేవుని మందిరంల పని చేసేటోళ్లెవ్వరి మీద శిస్తు, సుంకం, పన్ను వెయ్యొద్దని. ఎజ్రా ఆ ఉత్తరం తీస్కున్నడు, తీస్కొని దేవునికి స్తోత్రం చెప్పిండు. అదే మనిషి తర్వాత అధ్యాయం 22వ వచనంల దారిల కాపలాకు సైనికుల్ని ఇయ్యమని రాజును అడగనీకి సిగ్గు పడ్డ అంటడు, ఎందుకంటే మా దేవుడు కాపాడ్తడని రాజు ముందల గొప్పగ చెప్పుకున్నం గదా అని. రాతపూర్వకంగ వచ్చిన మినహాయింపుకు సిగ్గు లేదు, చెయ్యి చాపి అడిగేదానికి సిగ్గు. ఇగ నెహెమ్యాకు వస్తే ఆయన సైనికుల్ని తీస్కున్నడు, అది కూడా ఉంది బైబిల్ల, దాచుడెందుకు. కానీ అదే నెహెమ్యా అధికారిగ తనకు రావల్సిన భత్యం పన్నెండేండ్లు తినలేదు, జనం మీద బరువు ఎక్కువుందని, 5వ అధ్యాయంల.

సరే, లెక్కలకు వస్తా. ఇది కొంచెం బోర్ కొడ్తది, కానీ అసలు రోగం ఇక్కడ్నే ఉంది.

చర్చికి వచ్చే కానుక చట్టం దృష్టిల ఆదాయమే. చానామంది అనుకుంటరు కానుకకు టాక్స్ ఏంది, దేవుని సొమ్ము గదా అని. ఇన్‌కమ్ టాక్స్ చట్టం అట్ల అనుకోదు, మత సంస్థకు వచ్చిన స్వచ్ఛంద విరాళం కూడా ఆదాయం కిందనే రాసింది. మినహాయింపు కావాలంటే రిజిస్టర్ చేసుకోవాలె, పాత చట్టం 1961దాంట్ల 12ఏ అనేటోళ్లు, తర్వాత 12ఏఏ అయింది, 2021 ఏప్రిల్ నుంచి 12ఏబీ. ఇప్పుడు 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం, ఇన్‌కమ్ టాక్స్ చట్టం 2025, నంబర్లు మారినయి, నేను మాత్రం పాత నంబర్లే చెప్తున్న, మనోళ్లందరి నోళ్ల నానినవి అవే కాబట్టి. రిజిస్టర్ కాకపోతే సంఘాన్ని పదిమంది కలిసిన గుంపులెక్క చూస్తరు, కొత్త పద్ధతిల నాలుగు లక్షలు దాటితే పన్ను షురూ. పన్నెండు లక్షల దాకా టాక్స్ లేదు గదా అంటరు మీరు, ఆ రిబేటు మనుషులకు, సంఘాలకు గాదు.

రిజిస్టర్ అయినంక ఏముంటది? ఏడాదిల వచ్చినదాంట్ల 85 శాతం ఆ ఏడాదే పనికి ఖర్చు పెట్టాలె. గుడి కట్టాలె, జమ చేస్తున్నం అంటే ఫారం 10 వేసి ఐదేండ్ల దాకా ఉంచుకోవచ్చు, కమిటీ తీర్మానం రాసి. ఒక మనిషికి ఒక రోజుల పది వేలు దాటి క్యాష్ ఇస్తే అది ఖర్చు కింద లెక్కకు రాదు, కన్వెన్షన్లకు టెంటోళ్లకు, సౌండోళ్లకు, వంటోళ్లకు నోట్ల కట్టలు ఇచ్చే అలవాటు ఉంది గదా, అది చూసుకోవాలె. ఆడిట్ చేయించాలె, ఐటీఆర్-7 అనే టాక్స్ రిటర్ను వెయ్యాలె. ఇంకో మాట, ఊరూరా తిరిగి చర్చికి 80జీ, అంటే విరాళం ఇచ్చినోళ్లకు టాక్స్ తగ్గే కాగితం, ఇప్పిస్తమని పైసలు గుంజేటోళ్లు ఉన్నరు, జాగ్రత్త. చర్చికి ఇచ్చిన కానుకకు ఇచ్చినోళ్ల టాక్స్ తగ్గదు. ఒక మతం కోసమే పెట్టిన సంస్థకు 80జీ రాదు, ఆదాయంల 5 శాతం దాటి మతం పనికి ఖర్చు పెట్టినా రాదు, కేంద్రం పేరు పెట్టి నోటిఫై చేసిన పాత ప్రార్థనా మందిరాల మరమ్మత్తు అయితే తప్ప. ఆస్పత్రి, హాస్టల్ నడిపే చారిటబుల్ ట్రస్టు వేరుగ ఉంటే దానికి రావొచ్చు.

ఇప్పుడు అసలు సెక్షన్. 13వ సెక్షన్. ట్రస్టు పెట్టినోడికి, ట్రస్టీకి, వాళ్ల భార్యకు, పిల్లలకు, చుట్టాలకు సంస్థ సొమ్ముతోని లాభం చేస్తే మినహాయింపు పోతది. చేసిన పనికి న్యాయమైన జీతం ఇయ్యొచ్చు, అది తప్పు గాదు. నేను ఎవరి పేరూ చెప్త లేను, అయినా మన జిల్లాలల్ల ఇండిపెండెంట్ చర్చిలు ఎట్లున్నయి, అయ్యగారు ప్రెసిడెంట్, అమ్మగారు సెక్రటరీ, కొడుకు ట్రెజరర్, అల్లుడు యూత్ లీడర్. (నవ్వులు) నవ్వుడు గాదు. స్థలం అయ్యగారి పేరు మీద, కారు సంఘం సొమ్ముతోని కొన్నది కానీ ఆర్‌సీ కొడుకు పేరు మీద, కానుకకు క్యూఆర్ కోడ్ గోడకు అంటించిన్రు, స్కాన్ చేస్తే అయ్యగారి సొంత అకౌంట్‌కు పోతది. ఆ అకౌంట్‌ల పడ్డ ప్రతి రూపాయి చట్టం లెక్కల ఆయన సొంత ఆదాయం. సంఘం ఇచ్చింది, నేను సంఘానికే వాడిన అంటే కాగితం ఏదీ? ఇట్లాంటి చర్చి మినహాయింపు తీస్కోవచ్చా అంటే నేను తీస్కోవద్దంట. సర్కారుకు భయపడి గాదు. మనం కట్టని పన్ను గాల్ల పోదు, అది ఇంకొకరి మీద పడ్తది, అగ్గిపెట్టె కొన్నా జీఎస్టీ కట్టే కైకిలి మనిషి మీద పడ్తది, ఆ మనిషి హిందువు కావచ్చు, ముస్లిం కావచ్చు, మన సంఘంల కూసున్న ముసలామె కూడా కావచ్చు. ఆమె కట్టే పైసలతోని అయ్యగారి కొడుకు కారుకు మినహాయింపు ఇచ్చుడేంది?

డినామినేషన్ చర్చిలోళ్లు ఊకె తల ఊపుతున్నరు, మా దాంట్ల ఇవి లేవని. మీ దాంట్ల ఆస్తుల కేసులు లేవా? మిషనరీలు ఇచ్చిన కాంపౌండ్ స్థలాల మీద కోర్టుల ఎన్ని తరాలు తిరుగుతున్నయో చెప్పాల్నా? వద్దు, ఇయ్యాల వద్దు.

అదే 13వ సెక్షన్ల ఇంకో ముక్కుంది, ఒక మతం కోసమో ఒక కులం కోసమో పెట్టిన చారిటబుల్ ట్రస్టుకు మినహాయింపు లేదని. మతం పనికి పెట్టిన ట్రస్టుకు ఆ అడ్డం లేదు గాని, ఆ కులం అన్న మాట చదివినప్పుడల్ల నాకు మన సంఘాలు యాదికొస్తయి. ఈ వాడ చర్చి వీళ్లది, ఆ వాడ చర్చి వాళ్లది. కమిటీ ఎలక్షన్ వస్తే ప్యానెల్ ఏ లెక్కల పడ్తదో మీకు తెల్వదా. అమెరికాల బాబ్ జోన్స్ యూనివర్సిటీ అని ఒక క్రైస్తవ యూనివర్సిటీ ఉంది, నల్లోళ్లు తెల్లోళ్లు కలిసి తిరగొద్దు, పెండ్లి చేసుకోవద్దు అని రూల్ పెట్టుకున్నది, వాక్యమే అట్ల చెప్తదన్నది. 1983లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ యూనివర్సిటీ టాక్స్ మినహాయింపు తీసేసుడు కరెక్టే అని తీర్పు ఇచ్చింది. మన దగ్గర అట్లాంటి ప్రశ్న ఒక ఆఫీసర్ వేస్తే మనం ఏం జవాబు చెప్తం?

(ఒక సిస్టర్ లేచి అడిగారు: మా సంఘంల సగం మంది రసీదు మీద పేరు రాయొద్దంటరు, ఎస్సీ సర్టిఫికెట్ పోతదని. అట్లయితే లెక్క ఎట్ల రాయాలె?)

కూసోమ్మా, మంచి ప్రశ్న. ఇది దాచుకునే ముచ్చట గాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాల హిందువు గానోళ్లు ఎస్సీ గాదు అన్నది. 1956లో సిక్కులను చేర్చిన్రు, 1990లో బౌద్ధులను చేర్చిన్రు, క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. మన తెలంగాణల మతం మారిన ఎస్సీలను బీసీ-సీ గ్రూపుల పెట్టిన్రు, ఒక శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం అడ్డం తియ్యమన్నది, తియ్యలేదు. 2022లో ఇదే సంగతి చూడనీకి బాలకృష్ణన్ గారి కమిషన్ వేసిన్రు. 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు సెల్వరాణి కేసుల నమ్మకం లేకుండ రిజర్వేషన్ కోసం మతం పేరు చెప్పుకునుడు రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది. ఇది చర్చికి వచ్చే బెనిఫిట్ గాదు తల్లీ, మనిషికి రావల్సిన హక్కు, గుడి మారితే అంటరానితనం పోలేదు గదా, ఊర్ల బాయి కాడ ఎవరూ బాప్తీస్మం సర్టిఫికెట్ అడగలేదు గదా. అందుకే సర్కారు దగ్గర ఏం అడగాలె అంటే దీన్ని అడగాలె. నేను వాళ్లను తప్పు పట్టను. ఇగ మీ రసీదు ప్రశ్నకు, పేరు లేని విరాళాల మీద 30 శాతం పన్ను వేసే 115బీబీసీ సెక్షన్ పూర్తిగ మతం పనికే ఉన్న సంస్థకు వర్తించదు. గుళ్ల హుండీలకు అదే, మన కానుక సంచికి అదే. కాబట్టి సంచిల పడ్డదాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టి, సంతకాలు పెట్టి, ఆ వారం మొత్తం ఎంతో బుక్కుల రాసి బ్యాంకుల వెయ్యున్రి, చాలు. పేరు రాయకపోతే నేరం గాదు. మొత్తం రాయకపోతేనే తప్పు.

ఇప్పుడు చేతుల మీది సొమ్ము. మన రాష్ట్రంల 2014 తర్వాత నుంచి సర్కారు తరఫున క్రిస్మస్ విందు, బట్టల ప్యాకెట్లు షురూ అయినయి, ఎల్బీ స్టేడియంల పెద్ద విందు, నియోజకవర్గాలల్ల చిన్న విందులు. బతుకమ్మకు చీరెలు, రంజాన్‌కు తోఫాలు ఇచ్చిన్రు, మనకు ఇవి. పేదోళ్లకు చీరె వస్తే సంతోషమే, నేను కాదనను. కానీ ఆ లిస్టు ఎవరు తయారు చేస్తున్నరు? పాస్టర్. టోకెన్లు ఎవరు పంచుతున్నరు? పాస్టర్. విందు కాడ స్టేజీ మీద మైక్ పట్టుకొని ఈ సర్కారు మన సర్కారు అని ప్రార్థన చేసేది ఎవరు? అదీ పాస్టరే. టోకెన్ దొరకనామె ఆదివారం చర్చికి రాదు, వేరే చర్చికి పోతది, అది నేను కండ్లారా చూసిన. బట్టల కోసం సంఘంల తగువు పెట్టుకున్నం, అది కూడా క్రిస్మస్ పూట.

పక్క రాష్ట్రం ఆంధ్రల అయితే పాస్టర్లకు నెలకు ఐదు వేల గౌరవ వేతనం పెట్టిన్రు, జెరూసలేం యాత్రకు సాయం కూడా ఉండె. ఇక్కడ మన పాస్టర్ల సంఘాలు మెమోరాండాలు ఇస్తున్నయి, ఇమాంలకు ఇస్తున్నరు, మౌజన్లకు ఇస్తున్నరు, ధూపదీప నైవేద్యం కింద పూజార్లకు ఇస్తున్నరు, మాకెందుకియ్యరు అని. సమానత్వం లెక్కన చూస్తే ఆ ప్రశ్నల న్యాయముంది, నేను ఒప్పుకుంట. రాజ్యాంగం 27వ ఆర్టికల్ ఒక మతాన్ని పెంచనీకి ప్రత్యేకంగ పన్ను వసూలు చెయ్యొద్దంటది, అన్ని మతాలకు ఇస్తే మాత్రం ఏంది అని వాదించేటోళ్లున్నరు, హజ్ సబ్సిడీ మీద 2011లో వచ్చిన తీర్పుల చిన్న మొత్తమైతే ఆర్టికల్ 27 తప్పినట్టు గాదు అన్నది సుప్రీంకోర్టు. ఆ మరుసటేడే ఇంకో తీర్పుల పదేండ్లల్ల ఆ సబ్సిడీ తీసెయ్యమన్నది, 2018ల అది ఆగిపోయింది. ముస్లిం నాయకులే చానామంది మాకు అక్కర్లేదు అన్నరు అప్పుడు. ఆ మాట మనోళ్లు యాది పెట్టుకోవాలె.

నా అభ్యంతరం చట్టం గాదు. ఇయ్యాల ఐదు వేలు ఇచ్చేటోడు రేపు లిస్టు వెరిఫికేషన్ అంటడు. ఏ చర్చి అసలు చర్చి, ఏ పాస్టర్ అసలు పాస్టర్ అని తహసీల్దార్ ఆఫీసుల తేలుస్తరు. రిజిస్ట్రేషన్ ఉన్నదా, స్థలం ఎవరిది, ఎంతమంది వస్తరు, పేర్లియ్యి అంటరు. ఇందాక సిస్టర్ చెప్పింది గదా, పేరు రాయొద్దంటరు అని, ఆ పేర్లే ఐదు వేల కోసం మనం రాసి ఇస్తం. ప్రభుత్వం మారితే ఆ లిస్టు ఎవరి చేతుల ఉంటది?

(ఒక పాస్టర్: అయ్యా, మీరు పెన్షన్ తీస్కుంట మాట్లాడుతున్నరు. ఏటూరునాగారం దిక్కు ఇరవై ఇండ్ల సంఘం, వాళ్లంత కూలోళ్లు, వాళ్ల కానుకతోని నా పిల్లల ఫీజు వెళ్తదా?)

నిజమే అయ్యగారు. మీరన్నది నిజమే, నా పెన్షన్ నెల నెలా టైముకు పడ్తది, అందుకే నా నోరు ఇంత లేస్తుంది. (నవ్వులు) కానీ ఒక మాట వినున్రి. మీరు పేదోళ్లయితే పేదోళ్లకు వచ్చేదంత తీస్కోండి, సిగ్గేం లేదు. రేషన్ కార్డు తీస్కోండి. ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్‌ల పది లక్షల దాకా పెంచిన్రు, ఆపరేషన్ వస్తే వాడుకోండి. యాభై ఏడేండ్లు నిండినోళ్లకు ఆసరా పెన్షన్ 2,016 రూపాయలు వస్తే తీస్కోండి. పిల్లల స్కాలర్‌షిప్‌లు తీస్కోండి, మైనారిటీ గురుకులంల సీటొస్తే పంపున్రి. అవన్ని మీ పేదరికం చూసి వచ్చేటివి, మీ పక్కింటి మనిషికి ఏ లెక్కన వస్తదో మీకూ అదే లెక్కన. పాస్టర్ అని రాసి వచ్చేది మాత్రం మీ పల్పిట్ చూసి వస్తది. రేపు మీ ఊరి పక్క అడివిల పోడు భూమి కోసం మీ సంఘపోళ్లనే పోలీసులు గుంజుకపోతే, మీరు ఎవర్ని నిలదీస్తరు?

మరి పిల్లల ఫీజు ఎట్ల అంటే, దానికి జవాబు సెక్రటేరియట్ల లేదు, ఈ రూముల ఉంది. హనుమకొండల, కాజీపేటల ఉన్న పెద్ద సంఘాలు స్క్రీన్లకు, లైట్లకు, సౌండ్ సిస్టంలకు పెట్టే ఖర్చు చూస్తనే ఉన్నం. ఊర్లల్ల మన నాన్నమ్మలు వండేటప్పుడు పిడికెడు బియ్యం కుండల పక్కన తీసిపెట్టి ఆదివారం తెచ్చి పోసేటోళ్లు, దాంతోనే పాస్టర్ ఇల్లు గడిచేది. అది బీదోళ్లు బీదోన్ని సాదుకున్న పద్ధతి. ఇప్పుడు ఉన్న సంఘాలు లేని సంఘాల పాస్టర్లకు ఒక ఫండ్ పెట్టలేవా, ఆదాయంల ఇంత శాతం అని? అదంత సంస్థ ఉద్దేశంల ఉంటే 85 శాతం లెక్కలనే పడ్తది, ఆడిటర్ గారు తల ఊపుతున్నరు చూడున్రి.

మన పెద్దలు ఈ విషయంల మనకంటే గట్టోళ్లు. ఒంగోలుల పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర సంగతి బాప్టిస్టులందరికి ఎరుకే. 1876 నుంచి 78 దాకా కరువు, జనం చచ్చిపోతున్నరు, ఆయన సర్కారు దగ్గర బకింగ్‌హాం కాలువల మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీస్కున్నడు, మాదిగోళ్లకు కూలి ఇప్పించిండు. సర్కారు సొమ్మే, తీస్కున్నడు, చచ్చిపోయే మనిషికి కూలి దొరికింది. అయితే ఆ కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ బాప్తీస్మం ఇయ్యలేదు, ఎంతమంది అడిగినా ఇయ్యలేదు. కూలి కోసం వస్తున్నరా దేవుని కోసం వస్తున్నరా తెల్వాలె గదా. పని అంత అయిపోయినంక 1878 జులై 3న ఒక్కనాడు గుండ్లకమ్మ ఏట్ల 2,222 మందికి ఇచ్చిన్రు. మనోళ్లు ఆ 2,222 మాత్రమే చెప్పుకుంటరు, ముందల నెలల తరబడి తలుపు మూసిపెట్టిండు అన్నది చెప్పుకోరు. ఆ మరుసటేడు 1879లోనే మన హనుమకొండకు బాప్టిస్టు మిషన్ వచ్చింది.

దోర్నకల్ అజరయ్య గారు, 1912లో బిషప్ అయిండు, ఆంగ్లికన్ సభల మొదటి భారతీయ బిషప్. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తమంటే ఆయన వద్దన్నడు, అట్లయితే మనం ఈ దేశంల ఒక చిన్న కులం లెక్క మిగిలిపోతం అని ఆయన భయం. తర్వాత రాజ్యాంగ సభల మైనారిటీల సబ్‌కమిటీ చైర్మన్ హెచ్.సి. ముఖర్జీ, ఆయన క్రైస్తవుడే, 1949లో మతం పేరు మీద రిజర్వు సీట్లు వదులుకుందాం అన్నడు. అది చదివి మురిసిపోయేటోళ్లు ఉన్నరు, నాకు మాత్రం కొంచెం మింగుడు పడదు. సీట్లు వదులుకున్నది పెద్దలు, ఆ మరుసటేడే ఎస్సీ హక్కు పోయింది వాడలోళ్లది, వాళ్లను ఎవరూ అడగలేదు. వదులుకునేటోడు తనది వదులుకోవాలె గదా.

కతోలిక అన్నలు కొందరు వచ్చిన్రు ఫాతిమానగర్ నుంచి, వాళ్లదొకటి చెప్పి ఆపుత. ఎయిడెడ్, అంటే సర్కారు జీతాలిచ్చే స్కూళ్లల్ల టీచర్లుగ చేసే సిస్టర్లు, ఫాదర్లు, మేము దరిద్రవ్రతం తీస్కున్నం, జీతం మాకు గాదు మా సభకు పోతది, టీడీఎస్, అంటే జీతంల ముందే కోసే పన్ను, పట్టొద్దు అని తమిళనాడు, కేరళ నుంచి కోర్టుకు పోయిన్రు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ అప్పీళ్లన్ని కొట్టేసింది, జీతం వచ్చింది, పన్ను పడ్తది, వ్రతం మీరూ మీ సభా చూసుకోండి అని. నాకైతే ఆ తీర్పు సబబే అనిపించింది, సర్కారు జీతం తీస్కున్నంక సర్కారు లెక్కలకు రావల్సిందే. ఎయిడెడ్ స్కూల్ల ఇంకోటి కూడా ఉంది, 28వ ఆర్టికల్ మూడో ముక్క, పిల్లల్ని వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకోకుండ ప్రార్థనల కూసోబెట్టొద్దు. అది కూడా న్యాయమే. సాయం తీస్కుంటే షరతు వస్తది, ఆ షరతు మంచిదైతే ఒప్పుకోవాలె. ఇప్పుడైతే ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయినకాడికి ఖాళీనే, నింపేటోడు లేడు, మిషన్ స్కూళ్లు ఎట్ల ఎండిపోతున్నయో చూస్తున్నరు గదా.

(ఒక సంఘపెద్ద: మా చర్చి కాంపౌండ్‌కు రోడ్డు దిక్కు నాలుగు షాపులున్నయి, కిరాయికిచ్చినం. గుడికి పన్ను లేదు కాబట్టి షాపులకు కూడా లేదంటున్నరు కమిటీల. నిజమేనా?)

గాదు. ఆస్తి పన్ను మినహాయింపు ఆరాధన జరిగే జాగకు. షాపుకు మున్సిపాలిటీ పన్ను కట్టాలె, గుడి గోడకు ఆనుకొని ఉన్నా కట్టాలె. జీఎస్టీల ఒక వెసులుబాటు ఉంది, ఇన్‌కమ్ టాక్స్ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే, గుడి ఆవరణల షాపు కిరాయి నెలకు పది వేల లోపుంటే, హాలు కిరాయి రోజుకు పది వేల లోపుంటే, రూము రోజుకు వెయ్యి లోపుంటే జీఎస్టీ లేదు. పది వేలు, ఆ పైన ఉంటే ఆ మినహాయింపు రాదు, అప్పుడు మీ మొత్తం టర్నోవర్ ఎంతో చూసుకోవాలె. కిరాయి అగ్రిమెంట్లు ఎవరి పేరు మీదున్నయి?

(సంఘపెద్ద: పాత ట్రెజరర్ పేరు మీద.)

ఆయన ఉన్నడా?

(సంఘపెద్ద: లేడండి, పోయిండు. వాళ్ల కొడుకు వసూలు చేస్తుండు.)

(నవ్వులు) అయ్యో. అయితే ముందుగాల కమిటీ కూసొని తీర్మానం రాయున్రి, ఆ కొడుకును పిలిచి మర్యాదగ మాట్లాడున్రి, కొత్త అగ్రిమెంట్లు సంఘం పేరు మీద రాయించి కిరాయి నేరుగ సంఘం అకౌంట్‌ల పడేటట్టు చెయ్యున్రి. 12ఏబీ అప్లికేషన్ దాని తర్వాత. ఆ కాగితాలు తెచ్చిన్రా? ఆఁ, అయితే టీ తాగుకుంట ఆడిటర్ గారికి చూపించుకోండి, నాకు చూపించకున్రి, నాకు కండ్లద్దాలు లేవు ఇయ్యాల.